లారీ కింద ఎవరో ఉన్నారని

మా మరిది నడిరోడ్డు మీద లారీలు ఆపుతున్నాడని మొదట నాకు చెప్పింది, గౌడవెల్లి నుంచి మా ద్రాక్షతోటలో పనికి వచ్చే అవ్వ. తలమీది గంప దించకుండానే, "బిడ్డా, చిన్న పటేలు మేడ్చల్ రోడ్డు మీద లారీ కిందికి దూరి సూస్తుండు. జల్దీ ఎవలనన్న తోలియ్యి" అన్నది. తొంభైలు సగం దాటిన రోజులు. ఇంట్లో మగవాళ్లెవరూ లేరు. దీపంలో వేయబోయిన వత్తి నా చేతిలోనే ఉండిపోయింది.

చక్రాల కింద ఎవరో పడి ఉన్నారని మరిదికి అనిపించేది. ఎవరని అడిగితే తెలియదు. చూడకుండా పోనిస్తే పాపమని మాత్రం గట్టిగా నమ్మేవాడు. డ్రైవర్లు తిట్టేవాళ్లు, ఎవరో ఠాణాకు ఫోన్ చేసేవాళ్లు. మా మామ ఊళ్లో పెద్దమనిషి కాబట్టి పోలీసులు ఒక్క దెబ్బ వేయకుండా, జీపు ముందు సీట్లో కూర్చోబెట్టి తెచ్చి, గడపలో దింపి, చాయ్ తాగి వెళ్లేవాళ్లు. అదే రోడ్డు మీద, అదే అవస్థలో ఉన్న ఒక కూలి మనిషిని లాఠీతో తరిమారని విన్నాను. అందుకే ప్రతిసారీ దేవుడికి దండం పెట్టుకుని, వాళ్ల చాయ్‌లో పాలు ఎక్కువ పోసేదాన్ని. నెల తిరక్కుండానే మళ్లీ ఆ జీపు వస్తుందని తెలిసి కూడా.

వాళ్లలో ఒక పెద్దవయసు కానిస్టేబుల్ ఉండేవాడు. మరిదిని లాగేవాడు కాదట. టోపీ చంకలో పెట్టుకుని, తనూ వంగి లారీ కింద చూసి, "ఎవ్వలు లేరు పటేలా, నేను గూడ సూసిన. ఇగ పోదమా" అనేవాడట. మరిది లేచి వచ్చేవాడట.

ఒకరోజు ఆ కానిస్టేబుల్ చాయ్ గ్లాసు పక్కన పెట్టి, ఇట్లాంటివాళ్లకు పట్నంలో పెద్ద దవాఖాన ఉందని, అర్జీ రాసిస్తే తామే తీసుకుపోతామని మామతో మెల్లగా చెప్పాడు.

"మా ఇంట్ల పిచ్చోడున్నడని కాయిదం మీద పెట్టుమంటవా? తోల్కొచ్చుడు నీ పని. గా పని జెయ్యి" అన్నాడు మామ.

వాకిట్లో కానిస్టేబుల్‌ను ఆపి నేను రాసిస్తానన్నాను. బడికి పోలేదు గానీ, మా నాయిన ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. అర్జీ రాయగలను.

"నీ రాత పనికిరాదమ్మా. పెద్ద పటేలు సంతకం లేంది మా సారు ముట్టడు" అన్నాడు. చెప్పులు తొడుక్కుంటూ, "నేనున్నన్ని దినాలు నేనే వస్త" అన్నాడు.

ఆయనకు శామీర్‌పేటకు బదిలీ అయింది. కొత్తగా వచ్చినవాళ్లకు మా ఇల్లు తెలియదు. లారీ కింద నుంచి మరిదిని కాళ్లు పట్టి ఈడ్చి, పొద్దంతా ఠాణాలో గోడకు నిలబెట్టారు. మామ ఠాణాకు వెళ్లాక, ఎవరింటి మనిషో తెలియక జరిగిందని చెప్పి, ముందు సీట్లోనే తెచ్చి దింపారు. మోచేతులు చెక్కుకుపోయి ఉన్నాయి. మంచినీళ్లిస్తే గ్లాసు పట్టుకుని, "కింద ఉన్నది నేనే వదినా" అన్నాడు.

మళ్లీ రోడ్డు మీదికి పోలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంట్లో అందరూ నయమైందన్నారు. మామ గుడిలో కొబ్బరికాయ కొట్టించాడు. నన్నూ దండం పెట్టుకోమంటే పెట్టుకున్నాను. దేనికని పెట్టుకున్నానో నాకే తెలియదు.

ఇప్పుడు తోట లేదు, ప్లాట్లయింది. మామ లేడు. దవాఖానకు పోదామంటే మరిది తలుపు చెక్క పట్టుకుని వదలడు, పోలీసులను పిలవాలంటే నాకు చేతులు రావు. వేళకు ఇంత అన్నం తింటున్నాడు, అది దేవుడి దయ. ఇది చదివినవాళ్లు సాయంత్రం దీపం పెట్టేటప్పుడు మా మరిదిని ఒక్కసారి తలుచుకోండి. పేరు అక్కర్లేదు. లారీ కింద ఎవరైనా పడి ఉన్నారేమోనని ఆపి చూసినవాడు అంటే చాలు, దేవుడికి తెలుస్తుంది.