పార్లర్ నుంచి అరవైమూడు మందికి

ఒక మంగళవారం మధ్యాహ్నం బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి ఎడిసన్ ఊళ్ళో అరవైమూడు మంది ఆడవాళ్ళ పరువు తీశాను. అరవైరెండు మందికి మళ్ళీ మొలిచింది. పరువు కూడా మీసం లాంటిదే, మూడు వారాల్లో వచ్చేస్తుంది. మిగిలిన ఆ ఒక్కావిడ సంగతి వేరు. నవ్వించడానికే మొదలుపెడుతున్నాను గాని చివరిదాకా నవ్విస్తానని మాత్రం మాట ఇవ్వను.

నా పేరు సామ్రాజ్యం. నా ఏలుబడిలో ఉన్నది రెండు కుర్చీలు, ఒక అద్దం, వెనక వ్యాక్సింగు గది. ఇటుపక్క కిరాణా కొట్టు, అటుపక్క టాక్సుల ఆఫీసు. కనుబొమ్మలు తీయడం నాకు పద్దెనిమిదో ఏట వచ్చింది. చదవడం యాభైయెనిమిదో ఏట వచ్చింది. మధ్యలో నలభై ఏళ్ళు ఎవరు ఏ కాగితం చేతిలో పెట్టినా ఒకటే మాటతో నెట్టుకొచ్చాను: "కళ్ళజోడు మర్చిపోయానమ్మా, కాస్త మీరే చదివి పెట్టండి."

ఆ మాట నమ్మనిది ఒక్క రమణిగారే. ఆవిడ ఆదివారాలు కమ్యూనిటీ హాలు వెనక గదిలో పదకొండు మంది పిల్లలకి తెలుగు చెప్పేది. మొదటిసారి నా దగ్గరికి కనుబొమ్మలకి వచ్చి, ఏదో కాగితం చూపించి, నా మొహం వంక చూసింది.

"కళ్ళజోడు మర్చిపోయానండీ."

"మీ తలమీదే ఉంది సామ్రాజ్యంగారూ."

పై వారం పిల్లల వాచకం, పలక పట్టుకొచ్చింది. గిరాకీ లేనప్పుడు కస్టమర్ల కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, తను స్టూలు మీద కూర్చుని అ, ఆ దిద్దించింది. నాలుగేళ్ళు దిద్దించింది. ఒక్కనాడూ "ఈ వయసులో ఎంత బాగా నేర్చుకుంటున్నారో" అనలేదు. తప్పు రాస్తే "చెరిపేయండి" అనేది, అంతే.

లేటుగా చదువు వచ్చినవాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. కనబడిన ప్రతిదాని మీదా రాస్తారు. మా ఇంట్లో సీసాల మీద "పసుపు" అని, "పసుపు కాదు" అని ఉండేది. ఫోనులో కస్టమర్ల పేర్లు కూడా నేనే తెలుగులో రాసుకున్నాను. అక్కడే నా నాశనానికి పునాది పడింది.

మన ఆడవాళ్ళకి పేర్లు తక్కువ, మనుషులు ఎక్కువ. నా దగ్గరికి వచ్చే లక్ష్ములే ఏడుగురు. ఇంటిపేరు పెట్టి రాద్దామంటే పెళ్ళికి ముందుదా, తరవాతదా, పాస్‌పోర్టులోదా? నాకు గుర్తుండేది మొహం, ఆ మొహం మీద నేను చేసే పని. అదే రాసుకున్నాను. మీసం లక్ష్మి. గడ్డం సుజాత. రంగు పద్మ. దారం తగలకముందే ఏడ్చే అమ్మాయి ఏడుపు అనిత. ఎప్పుడూ అరగంట తరవాత వచ్చే ఆవిడ ఆలస్యం అరుణ. ఇందులో పాపం ఏముంది? నా ఫోను, నా రాత.

ఆ చలికాలం ఒక సోమవారం, పార్లర్‌కి సెలవు రోజు, రమణిగారు ఫోన్ చేసి తలుపు తీయమన్నారు. లోపలికొచ్చి తలమీద స్కార్ఫు తీశారు. జుట్టు గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా ఊడి వస్తోంది.

"మొత్తం గీసేయండి," అన్నారు. "కీమో మొదలైంది. రేపు విగ్గు వస్తుంది. అది మీరే సరిచేయాలి. ఎవరికీ చెప్పకండి."

"చెప్పను. కాని ఎందుకు దాచడం? అందరూ మన వాళ్ళేగా."

"అందుకే. జూన్‌లో పిల్లల నాటకం ఉంది. అందాకా క్లాసు నా చేతిలో ఉంటే చాలు. తెలిస్తే దయతో లాగేసుకుంటారు. పైగా నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడతారు. అది నేను భరించలేను."

వెనక గదిలో గీశాను. ఆవిడ ఏడవలేదు. నేను ఏడిస్తే, "మెషిన్ కదులుతోంది, చూసుకోండి" అన్నారు.

నేను మాట మీద నిలబడ్డాను. కన్నకూతురికి కూడా చెప్పలేదు. కాని రెండు వారాలకోసారి విగ్గు పని ఉంటుంది, రమణి అనే పేరుతో ఇంకో ఇద్దరున్నారు. అందుకని ఫోనులో ఆ పేరు ముందు "విగ్గు" అని చేర్చాను. మీకు వింతగా ఉంటుందేమో. నాకు యాభైయెనిమిదేళ్ళు ఏ రాత చూసినా రహస్యమే. కాగితం మీద ఉన్నది నాకు అందనిది కాబట్టి ఎవరికీ అందనిదే అని బుర్రలో ఎక్కడో ఉండిపోయింది. చెప్పనన్నాను, చెప్పలేదు. రాశాను.

ఇంతలో పార్కింగ్ లాట్‌కి అటువైపు కొత్త సెలూన్ పెట్టారు. తెల్ల సోఫాలు, దోసకాయ ముక్కలు వేసిన నీళ్ళు. వాళ్ళు నెలకోసారి కస్టమర్లకి మెయిల్లో ఉత్తరం పంపిస్తారట, న్యూస్‌లెటర్. మీసం లక్ష్మి అది నా కుర్చీలోనే కూర్చుని నాకే చదివి వినిపించింది. నాకు ఒళ్ళు మండింది.

మా అమ్మాయి కల్పనకి ఫోన్ చేశాను. "ఏమే, నేనూ ఉత్తరం రాస్తాను."

"మంచిదే అమ్మా. దానికి సర్వీసులుంటాయి. నేను శనివారం వచ్చి లిస్ట్ సెటప్ చేస్తాను. ఎవరి మెయిల్ వాళ్ళకి విడిగా వెళ్ళాలి. అప్పటిదాకా ముట్టుకోకు."

"నాకు రాయడం వచ్చు."

"రాయడం కాదమ్మా, పంపడం."

"పోస్టు డబ్బాలో వేయడం కూడా నేర్పిస్తావా?"

మెయిల్ అడ్రసులు ఎవరివి వాళ్ళచేతే మెసేజ్ పెట్టించుకుని, ఫోనులో పేర్ల పక్కన నేనే అతికించుకున్నాను. ఉత్తరం అయిదు రోజులు రాశాను. అందులో కొంచెం చదవండి: "గౌరవనీయులైన ఆడవాళ్ళకి. ఇంట్లో రేజరు పెట్టి సగం కనుబొమ్మ ఎగరగొట్టుకుని నా దగ్గరికి రావద్దు. నేను దేవుణ్ణి కాను. పెళ్ళికి ముందురోజు ఫేషియల్ చేయించుకుని మొటిమలొచ్చాయని ఏడవద్దు, వారం ముందు రండి. దోసకాయ నీళ్ళు నా దగ్గర లేవు. దోసకాయ కావాలంటే పక్కన కిరాణా కొట్టు ఉంది." ఎంత బాగుందో మీరే చెప్పండి.

శనివారం దాకా ఎవరాగుతారు? మంగళవారం వాన, గిరాకీ లేదు. ఫోనులో పేర్లన్నీ ఒక్కొక్కటీ నొక్కి పైన చేర్చాను. అరవైమూడు. నొక్కాను. హుష్షుమని వెళ్ళింది. టీ పెట్టుకున్నాను.

టీ మరగకముందే ఫోన్ మోగింది.

"పిన్నీ, గడ్డం సుజాత ఎవరు?"

"ఎందుకమ్మా?"

"నా పేరు సుజాత. నాకు గడ్డం ఉంది. అందుకని అడుగుతున్నా."

నేను జవాబు చెప్పేలోగా ఇంకో కాల్. రంగు పద్మ. ఈ పద్మ తన జుట్టు అంత నల్లగా ఉండడానికి కరివేపాకు నూనే కారణమని ఊరంతా చెప్పుకుంటుంది. ఆ నూనె అడిగినవాళ్ళకల్లా కాచి ఇస్తుంది కూడా.

"పిన్నిగారూ! పదిహేను మంది ఆ నూనె రాసుకుంటున్నారు! ఇప్పుడు ఏం చెప్పను?"

"రాసుకోనీయమ్మా, చల్లగా ఉంటుంది."

"మా తోటికోడలు కూడా ఆ లిస్టులో ఉంది!"

ఏ పేరుతో నా ఫోనులో దాచుకున్నానో అదే పేరుతో అరవైమూడూ వరసగా అందరికీ కనబడతాయని అప్పటికిగాని నాకు తెలియలేదు. ఏడుపు అనిత ఫోన్ చేసి ఏడ్చింది. ఆలస్యం అరుణ మాత్రం అప్పటికింకా చూడలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. రమణిగారు! లిస్టు కిందకి జరిపాను. ఉంది, నలభైయేడో పేరు. కాని ఫోన్ చేసినవాళ్ళలో ఒక్కరూ ఆ ఊసెత్తలేదు. అక్కడితో ఆగి ఫోను బియ్యం డబ్బాలో పాతిపెట్టి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది, మీరు హాయిగా నవ్వుకుని పడుకునేవారు.

నేను ఆగే మనిషినా? క్షమాపణ రాశాను. ఒక్క తప్పు లేకుండా రాశాను:

"అమ్మలారా, అక్కలారా. పేర్ల పక్కన రాసినవి మనసులో పెట్టుకోకండి. ముఖ్యంగా రమణిగారి విగ్గు గురించి ఎవరూ ఎవరితోనూ మాట్లాడకండి. ఆవిడ జబ్బు సంగతి రహస్యం."

నొక్కాను. అరవైమూడు మందికీ. రమణిగారితో సహా.

సాయంత్రం ఎవరో పంపితే రెండు మెయిళ్ళూ చూసి కల్పన ఫోన్ చేసింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"అమ్మా, మొదటి మెయిల్లో ఆవిడ పేరు దాకా ఎవరూ వెళ్ళలేదు. ఎవరి పేరు వాళ్ళు వెతుక్కుని అక్కడే ఆగి తిట్టుకుంటున్నారు. నువ్వే అందర్నీ చెయ్యిపట్టుకుని ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళావు."

రమణిగారు ఫోన్ ఎత్తలేదు. ఇంటికి వెళితే తలుపు తీయలేదు. ఆ ఆదివారం అరుణ చేసింది ఫోన్. ఆదివారం క్లాసు కమిటీ ఆవిడదే.

"పిన్నీ, మీరు చెప్పి ఎంత మంచి పని చేశారు! టీచర్‌గారికి రెస్ట్ ఇద్దామని డిసైడ్ చేశాం. క్లాసు ఇంకొకరికి ఇచ్చేశాం. మీల్ ట్రైన్ కూడా స్టార్ట్ చేశాం."

"రైలేమిటి?"

"అంటే రోజుకొకరం వండి వాళ్ళింటి గుమ్మంలో పెట్టి వస్తాం."

తిండి వాసన తగిలితేనే వాంతి చేసుకునే మనిషి గుమ్మంలో వరసగా పప్పు గిన్నెలు. ఆవిడ చెప్పినట్టే, దయతో లాగేసుకున్నారు. దారి చూపించింది నేను.

మూడు వారాలు గడిచాయి. శనివారం మధ్యాహ్నం. ఆలస్యం అరుణ కుర్చీలో ఉంది, ఒక కనుబొమ్మ అయింది. గడ్డం సుజాత బెంచీ మీద వంతు కోసం కూర్చుని ఉంది. నాతో మాటలు మానేసిందిగాని రావడం మానలేదు. గడ్డం అలాంటిది. తలుపు తోసుకుని రమణిగారు వచ్చారు. విగ్గు లేదు, స్కార్ఫు లేదు. నున్నటి తల మీద ట్యూబులైటు మెరుస్తోంది. తిన్నగా వచ్చి రెండో కుర్చీలో కూర్చున్నారు.

"కనుబొమ్మలు తీయండి."

చూశాను. తీయడానికి ఒక్క వెంట్రుక లేదు.

"ఏం తీయనండీ?"

"దారం ఆడించండి. నేను అందరిలాగా కూర్చోవాలి."

అరుణని అలాగే వదిలేసి, దారం పళ్ళ మధ్య పెట్టుకుని ఆ ఖాళీ నుదుటి మీద గాలిలో ఆడించాను. వెనక అరుణ, సుజాత గుసగుసగా మాట్లాడుకుంటున్నారు.

"గట్టిగా మాట్లాడమనండి," అన్నారు రమణిగారు.

దారం ఉమ్మేసి వెనక్కి తిరిగాను. "వినబడలా? గట్టిగా మాట్లాడవే గడ్డం సుజాతా!"

అద్దంలో రమణిగారి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు. ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది. అరుణ దగ్గరికి వెళ్ళాను.

"అమ్మాయ్, టీచరుగారి క్లాసు తిరిగి ఇస్తావా, లేకపోతే రెండో బొమ్మ ఇలాగే ఉంచుకుంటావా?"

"పిన్నీ! నాకు నాలుగింటికి బేబీ షవర్ ఉంది!"

"అయితే తొందరగా ఆలోచించు."

"నేను ఎదురు సెలూన్‌కి వెళ్తా."

"వెళ్ళు. శనివారం, కిరాణా కొట్టు ముందు నుంచి, పార్కింగ్ లాట్ మొత్తం ఒంటి బొమ్మతో దాటాలి."

"సామ్రాజ్యంగారూ, వద్దు," అన్నారు రమణిగారు.

"మీరు కళ్ళు మూసుకోండి, దారం తగులుతుంది." దారం నా చేతిలో లేదు.

అరుణ చెడ్డ మనిషి కాదు. మెల్లగా అంది, "అది కాదు టీచర్‌గారూ. పిల్లల ముందు మీకు ఏమైనా అయితే?"

"అయితే చూస్తారు అరుణా. నాటకం ఆఖర్లో రాజు చచ్చిపోవాలి. ఆ సీను ఒక్కడూ సరిగ్గా చేయడంలేదు."

అరుణ సరేనని తల ఊపింది. నేను రెండో బొమ్మ తీశాను. ఆవిడ జన్మలో అంత చక్కటి బొమ్మ ఎవరూ తీసి ఉండరు.

రమణిగారు ఇంకో ఏడు ఆదివారాలు క్లాసు చెప్పారు. ఎక్కువేం కాదు. నాటకం రోజు తెర పక్కన కుర్చీలో బోడితలతో కూర్చుని పిల్లలకి మాటలందించారు. రాజు బాగానే చచ్చాడు. ఆగస్టులో ఒకసారి నా దగ్గరికి వచ్చి, "ఫోను తీయండి, నా పేరు మార్చండి" అన్నారు.

"ఉత్త రమణి అని పెట్టమంటారా?"

"ఇంకో ఇద్దరున్నారుగా. టీచరు రమణి అనండి."

ఎదురుగా కూర్చుని ఒక్కో అక్షరం నాచేత కొట్టించారు. తప్పు పోతే "చెరిపేయండి" అన్నారు. క్షమించమని అడగాలనుకున్నాను. ఆవిడ రాత చూస్తున్నారు, నా మొహం చూడలేదు. సెప్టెంబరులో పోయారు.

ఏడేళ్ళయింది. న్యూస్‌లెటర్ ఇప్పుడు కల్పన పంపిస్తుంది, ఎవరిది వాళ్ళకి విడిగా. రాసేది నేనే. నా ఫోనులో లక్ష్ములు ఏడుగురూ ఇప్పుడు ఉత్త లక్ష్ములే. ఒకరిని రమ్మని ఫోన్ చేస్తే ఇంకొకరు వస్తారు. ఎవరొస్తే వాళ్ళని కూర్చోబెట్టి ఏది కనబడితే అది తీసి పంపిస్తున్నాను. టీచరు అన్న ఒక్క మాట మాత్రం చెరపలేదు. న్యూస్‌లెటర్ లిస్టులోంచి ఆవిడ అడ్రసు కూడా కల్పనని తీసేయనివ్వలేదు.

కాబట్టి పళ్ళ మధ్య ఉన్న ఈ దారం మీద ఒట్టు వేసి అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఏ ఆడదాని పేరుకీ ముందుగాని వెనకగాని ఏమీ తగిలించను.

దీనికి గడ్డం సుజాతే సాక్షి.