చాకు పుట్టిన సాలు

ఆ రోజుల్లో మా సూర్యాపేటలో ఎవరికి ఏ సాలు, అంటే ఏ సంవత్సరం, నడుస్తోందో ఎవరికీ సరిగా తెలిసేది కాదు. సర్కారు కాగితాల్లో ఫసలీ, మసీదు దగ్గర హిజ్రీ, ఇంట్లో పంచాంగం, కొత్తగా వచ్చిన అధికార్ల నోట ఇంగ్లీషు సాలు. ఇరవై ఒక్క ఏళ్ళ నేను ఒక వకీలు గారి దగ్గర నకళ్ళు రాస్తూ, పొద్దున ఒక సాలులో నిద్ర లేచి సాయంత్రం ఇంకో సాలులో ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఈ గందరగోళం చాలదన్నట్టు నాకొక పిచ్చి పట్టుకుంది. పాత జేబు చాకులు పోగు చేసి, ఏ చాకు ఏ సాలుదో తేల్చి, దారంతో చీటీ కట్టి, బిస్కెట్ల డబ్బాలో దాచడం. (పెళ్ళి కావలసిన వయసులో ఇదేం పని అని మీరు అడగవచ్చు. మా పెద్దమ్మ రోజూ అడిగేది.)

అంగట్లో సాన పట్టే సాయబు ఒకాయన నాకు గురువు. పిడి కొమ్ముదా, ఎముకదా, కీలు ఇత్తడిదా, ఇనుముదా, గోటితో తెరిచే గాటు ఎంత అరిగింది అని చూడటం ఆయనే నేర్పాడు. "అంకె పక్కన చంద్రుని బొమ్మ ఉంటే హిజ్రీ, బేటా" అని కూడా ఒకసారి అన్నాడు. ఆయన తన ఉస్తాదు చేసిన చాకుల గురించి మాత్రమే ఆ మాట అన్నాడు. నేను దాన్ని లోకంలోని చాకులన్నిటికీ వర్తింపజేసి శాస్త్రం చేసుకున్నాను. ఆ శాస్త్రం ఎలాంటిదో కోదాడలోనే ఒకసారి బయటపడింది. అక్కడ కొన్న ఒక చాకు మీద 1898 అని ఉంటే, పక్కన చంద్రుడు లేడు గనక ఫసలీ అనుకొని లెక్క వేశాను. ఆ చాకు తయారు కావడానికి ఇంకా ఐదు వందల ఏళ్ళకు పైగా ఉందని తేలింది. అమ్మినవాడు నా ముఖం చూసి, "అది ఇంగిలీషు సాలండీ బాబూ, బెజవాడ నుంచి తెచ్చాను" అన్నాడు. అప్పుడైనా బుద్ధి రావలసింది.

అమ్మానాన్న చిన్నప్పుడే పోవడంతో నన్ను పెంచింది పెద్దమ్మే. గొర్రెల మందల వెంట తిరిగి తిరిగి, నన్ను మాత్రం కాగితాల వెంట తోలింది. అందుకని నా చదువు మీద ఆమెకు నాకంటే ఎక్కువ నమ్మకం. మిర్యాలగూడలో ఒక సంబంధం ఉందని తెలిసి, నన్ను బొగ్గుతో నడిచే బస్సు ఎక్కించి తీసుకుపోయింది. పిల్లకు పదహారేళ్ళు, నెమ్మదస్తురాలు, మంద కూడా పెద్దదే అని చెప్పారు. బస్సులో పెద్దమ్మ ఒక్కటే హెచ్చరిక చేసింది. "గాడ నీ చాకుల ముచ్చట తియ్యకు. తీస్తివా, నన్ను పెద్దమ్మా అని పిలువకు."

నేను తియ్యలేదు. పిల్ల తండ్రే తీశాడు. మేము వెళ్ళేసరికి ఆయన కొట్టంలో కూర్చొని, ఒక పొట్టేలు కాలు ఒళ్ళో పెట్టుకొని గిట్ట చెక్కుతున్నాడు. చేతిలో కొమ్ము పిడి చాకు, కీలు ఇత్తడిది. మాకు సల్ల ఇప్పించి, నా చూపు ఎక్కడుందో కనిపెట్టి, "ఏం సూస్తున్నవ్ పిల్లగా?" అన్నాడు. సిగ్గు విడిచి అడిగాను. చాకు చేతికిస్తే తగువులొస్తాయని మాలో ఒక నమ్మకం. ఆయన దాన్ని మడిచి నా ముందు నేల మీద పెట్టాడు, నేను తీసుకున్నాను. పెద్దమ్మ కళ్ళతోనే నన్ను కోసేసింది.

"మా పిల్ల పుట్టిన్నాడు కొన్న, మీ సూర్యాపేట అంగట్లనే" అన్నాడు ఆయన గర్వంగా. "పిల్లా, చాకూ ఒక్కనాడే ఇంటికొచ్చినయి." నేను అప్పటికే గోటితో తెరిచి అలుగు మీద ఉర్దూ అంకెలు పైకి చదువుతున్నాను. 1342. పక్కన చిన్న చంద్రవంక. ఇక నన్ను ఆపేదెవరు? "ఇది హిజ్రీ సాలు. అంటే ఈ చాకుకు ఇరవై ఆరేళ్ళు" అని ప్రకటించాను. మెచ్చుకుంటారని తలెత్తి చూశాను. ఎవరూ మెచ్చుకోలేదు.

పెద్దమ్మ సల్ల గ్లాసు కింద పెట్టింది. "ఇరవై ఆరా? పిల్లా, చాకూ ఒక్కనాడే వచ్చినయంటివి గదా అన్నా?"

"పదారే అక్కా! నా బిడ్డ వయసు నాకెరుక లేదా?"

"మనిషి అబద్ధమాడ్తడు గానీ ఇనుము ఆడదు. మావోడు సదువుకున్నోడు. గొర్రెకైతే నోరు తెరిసి పండ్లు సూస్తం, పిల్లకేం సూస్తం? మావోని కన్నా ఐదేండ్లు పెద్దదాన్ని అంటగడ్తవా?" పెద్దమ్మ లేచి నిలబడింది.

నాకు ఇది ఫసలీ అయితేనో అన్న అనుమానం అప్పుడు పుట్టింది. అదే అంకె ఫసలీదైతే వయసులో పదేళ్ళు తేడా వస్తుంది. రోజూ వకీలు గారి కాగితాల్లో చేసే లెక్కే అది. కానీ ఆ గొడవలో పది కలపాలో తియ్యాలో బుర్రకు తట్టలేదు. "ఆగు పెద్దమ్మా, ముప్పై ఆరు కూడా కావచ్చు" అన్నాను. (ఆ మాట ఇప్పటికీ అప్పుడప్పుడు కలలో వినిపిస్తుంది.) పిల్ల తండ్రి పొట్టేలు కాలు వదిలేశాడు. అది మా ఇద్దరి మధ్య నుంచి దూసుకుపోయింది. ఒక్క నిమిషంలో ఒక పిల్ల బతుకు మీద ఇరవై ఏళ్ళు మోపాను. ఇలాంటి మాట ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పాకితే ఆ పిల్లను ఎవరడుగుతారు? నా నోటిని నేనే తిట్టుకున్నాను.

అప్పుడు తలుపు చాటు నుంచి ఒక గొంతు, ఏ తొందరా లేకుండా వినిపించింది. "నాయినా, ఆ పెద్దమ్మను కూసోమను. ఆయన చెప్పేది చాకు చేసిన సాలు. నువ్వు చెప్పేది కొన్న సాలు. అంగట్ల ఎవడో నీకు పాత చాకు అంటగట్టి ఉంటడు."

"నేను మోసపోతనా? పండ్లు సూసి గొర్రెను కొనేటోణ్ణి!"

"గొర్రెకు పండ్లుంటయి నాయినా, చాకుకు ఉంటయా?"

ముందు నవ్వింది పెద్దమ్మే. తర్వాత కూర్చుంది. పిల్ల బయటికి వచ్చింది. పదహారేళ్ళ పిల్ల అని చెప్పడానికి ఏ శాస్త్రమూ అక్కరలేదు. నాకు మాత్రం ఇంకో దెబ్బ తగిలింది. చేసిన సాలు వేరు, కొన్న సాలు వేరు అన్న సంగతి అన్ని చాకులు పోగేసిన నాకు ఒక్కనాడూ తోచలేదు. ఇంటికి పోగానే చీటీలన్నీ చించేశాను. ఆ ఎండాకాలమే పెళ్ళి జరిగింది.

పెళ్ళిలో మామ ఆ చాకును నా ముందు నేల మీద పెట్టి, "తీస్కో అల్లుడా, నన్ను మోసం జేసిన చాకు" అన్నాడు. సూర్యాపేటకు వచ్చాక కిరోసిన్ వేసి తోమితే, అంకె పక్కన తుప్పు కింద నుంచి ఫసలీకి గుర్తుగా వేసే అక్షరం తేలింది. చంద్రవంక చాకు చేసినవాడి ముద్రే. అంటే ఇరవై ఆరులోంచి పది తియ్యాలి, చాకుకూ పదహారేళ్ళే. కొన్ననాడు అది కొత్తదే, మామ మోసపోలేదు, తప్పంతా నాదే. చెప్పడానికి నోరు రాలేదు. మామ పోయేదాకా వచ్చిన చుట్టానికల్లా, "సూర్యాపేట అంగట్ల నాకు పాత చాకు అంటగట్టిన్రు" అని నవ్వుతూ చెప్పుకున్నాడు. ఆయన చెప్పినప్పుడల్లా నేను తలవంచుకొని అన్నం కలుపుకునేవాణ్ణి.

ఆయన పోయిన చాలా ఏళ్ళకు, ఇక దాచలేక, ఒక మధ్యాహ్నం మా ఆవిడకు చెప్పేశాను. ఆమె చింతపండు గింజలు తీస్తూ తల ఎత్తనైనా లేదు.

"ఫసలీ అని నాకు అప్పుడే ఎరుక. మంద మేతకు సర్కారుకు కట్టే పుల్లరి రసీదులన్నీ ఫసలీ సాలు సాలుకు కట్టగట్టి పెట్టింది నేనే గదా, నేను పుట్టిన సాలు 1342 అని ఎరుక. తలుపు సందుల నుంచి నువ్వు సదివిన అంకె ఇన్న."

"మరి అప్పుడే తప్పు అని చెప్పొద్దా?"

"పదిమందిల నువ్వు తప్పంటే మీ పెద్దమ్మ ముంగట నీ పరువేమైతది? ఇగ మా గడప తొక్కుదువా?"

"పాపం మామకు నువ్వైనా చెప్పొద్దా? సచ్చిందాక మోసపోయిన్నని చెప్పుకున్నడు."

"పెండ్లయిన తెల్లారే చెప్పిన. 'పోనీ తియ్ బిడ్డా, అల్లుడు లోపల లోపల సిగ్గు పడ్తడు, నేనే మోసపోయిన్నని చెప్పుకుంట' అన్నడు."

ఆమె గింజలు చాటలోకి ఎత్తుకొని లోపలికి వెళ్ళింది. అంకె చూసి ఇనుము వయసు చెబుతానని మూడు ఊళ్ళు తిరిగిన ఆ ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. మామ గుర్తొచ్చి కళ్ళు తడిశాయి. ఆయన ముందు ఒక్కసారైనా నిజం చెప్పి ఉంటే ఎంత గట్టిగా నవ్వేవాడో అని ఇప్పటికీ అనిపిస్తుంది.