మా తాత పాతిపెట్టిన గంజ్

నవ్వం అని మాటియ్యుర్రి దోస్తులూ, అప్పుడు చెప్త. మొన్న ఆదివారం పొద్దుగాల మా వాకిట్ల ఖజానా బయటికి తీస్తనని గల్లీ గల్లీని పిలిచి కూసోబెట్టిన. తీసిన గూడ! ఆ తీసినదానితోటి ఏం చెయ్యాల్నో తెల్వకనే మూడు దినాల సంది బడి అయిపోంగనే ఇంటికి పోకుండ ఈ ఇరానీ హోటల్ల కూసుంటున్న.

నా సంగతి మీకు ఎరికే గదా. లాల్‌దర్వాజల పుట్టిన, ఉప్పుగూడల ఒక బడిల సోషల్ చెప్త. ఎం.ఏ. హిస్టరీ. గానీ బడిల నా హిస్టరీ ఎవడింటడు? గంట కొడితె నా మాట నోట్ల ఉండంగనే ఉరుకుతరు. అందుకే 'మన గల్లీ మన చరిత్ర' అనే వాట్సాప్ గ్రూపుల రాస్తున్న. ఆడ గంట లేదు. ఎంతైనా రాయొచ్చు.

ఆ గ్రూపుకు అడ్మిన్ మూర్తిగారు. కాకినాడ దిక్కు మనిషి. సర్కారు నౌకరి చేసి రిటైరయ్యి, ముప్పై ఏండ్ల సంది మా గల్లీలనే ఉన్నడు. మనిషి మంచోడే. గానీ నేనేది పెట్టినా కింద ఒకటే మాట: "ఆధారం ఏదండీ మాస్టారూ?" నాకేమో ఆ అడ్మిన్ కుర్చీ మీద మనసు. దాయనీకి ఏమున్నది, ఉన్నమాట చెప్తున్న. ఎం.ఏ. హిస్టరీ నేను, హిస్టరీ గ్రూపుకు అడ్మిన్ ఆయన! ఇదెక్కడి న్యాయం?

గా మంట మీదనే ఆన్‌లైన్ల మెటల్ డిటెక్టర్ తెప్పిచ్చిన. పొడుగు కట్టె, దాని కింద పళ్లెమంత చక్రం, చెవులకు హెడ్‌ఫోన్. భూమిల ఇనుమో రాగో ఉంటె 'కుయ్' అంటది. అది పట్టుకొని వాకిట్ల తిరుగుతుంటె మా ఆమె సుజాత గడప మీద నిలబడి, "సినిమా హాల్ల సెక్యూరిటీ నౌకరి దొరికిందా ఏంది?" అన్నది. పట్టించుకోలే. పాతబస్తీ భూమి గదా, యాడ పెట్టినా కుయ్యే! తవ్విన. సోడా మూతలు, మొలలు, తుప్పు పట్టిన బ్లేడు, ఒక చెంచా. చెంచాను చింతపండు పెట్టి తోమి, ఫోటో తీసి, 'ఇది కుతుబ్‌షాహీల కాలపుదా? లోతైన పరిశోధన జరగాలె' అని గ్రూపుల పెట్టిన.

మూర్తిగారు ఫోటోను పెద్దగ చేసి చూసిండంట. "మాస్టారూ, చెంచా కాడ వెనకాల 'స్టెయిన్‌లెస్' అని ఉందండీ" అని రాసిండు.

ఆ దినం గ్రూపుల ఎన్ని నవ్వే బొమ్మలొచ్చినయో లెక్కలేదు. మా హెడ్మాస్టర్ గూడ ఒకటి పెట్టిండు.

ఇగ ఉత్తగ తవ్వితె ఇజ్జత్ దక్కదు, రీసెర్చ్ చేసి తవ్వాలె అనుకున్న. అటక మీద మా తాత ఇనుప సందూక ఉన్నది. తాత ఉస్మాన్‌గంజ్ల ఒక సేటు దుకాణంల గుమాస్తా. ఏ దినం వాన పడ్డది, ఎవరికి జరమొచ్చింది, ఏ చుట్టం ఎన్ని దినాలు తిని పోయిండు, అన్నీ ఒక బుక్కుల రాసుకునేటోడు. మూడు రాత్రులు చదివిన. మూడో దినం ఒక లైను దొరికింది.

'ఈ దినం గంజ్ యాపచెట్టు కాడ పాతిపెట్టిన. లొల్లి బంద్. ఎవ్వలకు చెప్పొద్దు.'

ఉన్నమాట చెప్పాల్నంటె 'గంజ' దాకనే సాఫ్ ఉన్నది. దాని పక్కన సిరా మరక. ఆడ పొల్లున్నదో కొమ్మున్నదో దేవునికే ఎరిక. గానీ ఉస్మాన్‌గంజ్ గుమాస్తా రాసిండంటె గంజ్ గాక ఇంకేం రాస్తడు? నేనే పొల్లు పెట్టుకొని చదివిన.

బుక్కు సంకల పెట్టుకొని గల్లీ మొదట్ల ఉన్న ఖాజా భాయ్ కాడికి ఉరికిన. రాగి, ఇత్తడి గిన్నెలకు కలాయి పెడ్తడు. ఉర్దూ, ఫార్సీ మంచిగ చదువుకున్న మనిషి. గంజ్ అంటె ఏంది భాయ్ అని అడిగిన.

"బజార్ కో గంజ్ బోల్తే సార్," అన్నడు. జర ఆలోచన చేసి, "మగర్ ఫార్సీ మే గంజ్ బోలే తో ఖజానా!" అన్నడు.

ఖజానా! ఆడనే బుక్కు తీసి ఆ లైను ఇంకోసారి చదివిన.

"మిలా తో సర్కార్ కో బోల్నా సార్. నై బోలే తో జేల్," అన్నడు ఖాజా భాయ్. దొరికినది సర్కారుకు చెప్పకుంటె జైలని ఆ మాత్రం నాకు తెల్వదా? ఆ దినమే కలెక్టర్‌కు అర్జీ రాసి పెట్టుకున్న. వస్తువుల సంఖ్య, బరువు అన్నకాడ ఖాళీ ఇడిసిపెట్టిన, దొరికినంక నింపొచ్చని.

ఆ తర్వాత గ్రూపుల ఆ మరక పడ్డ పేజీ ఫోటో, దాని కింద మూడు పేజీల వ్యాసం. అండ్ల ఏం రాసిన్నో ఇనుర్రి. ఉస్మాన్‌గంజ్ సేటు ఆనాటి గడబిడకు భయపడి, తన ఖజానా మొత్తం నమ్మకస్తుడైన మా తాత చేతుల పెట్టిండు. తాత దాన్ని యాపచెట్టు కింద పాతిపెట్టిండు. 'లొల్లి బంద్' అంటె దేశంల రాజకీయ పరిస్థితులు సద్దుమణిగినయ్ అని అర్థం. ఒక్క సిరా మరక మీద ఇంత కోట కట్టిన!

మూర్తిగారు వెంటనే రాసిండు. "మాస్టారూ, గంజ్ అంటే బజారు కదండీ. మీ తాతగారు బజారుని ఎలా పాతిపెట్టారండీ?"

"ఫార్సీ రానోళ్లతోటి నాకు వాదన లేదు," అని రాసిన. ఫార్సీ నాకు గూడ రాదు, అది వేరే సంగతి.

ఆయనకు గూడ పౌరుషమొచ్చినట్టుంది. "సరేనండీ. ఆదివారం అందరి ముందూ తవ్వండి. మీ తాతగారు రాసిన చోట పాత వస్తువు ఏది దొరికినా అడ్మిన్ మీరే. దొరక్కపోతే ఇక చరిత్ర జోలికి రాకూడదు. శుభోదయాలు పెట్టుకోండి చాలు." నేను 'ఓకే' కొట్టిన. కొట్టినంక గానీ తట్టలే. చరిత్ర పెట్టకుంటె నన్నెవడు పలకరిస్తడు?

యాపచెట్టు ఎప్పుడో కొట్టేసిన్రు. అది ఉన్నకాడ ఇప్పుడు సువర్ణ వదిన బట్టలుతికే బండ ఉన్నది. సువర్ణ వదిన అంటె మా పెదనాయన కొడుకు భార్య. మాది వాళ్లది ఒకటే వాకిలి, నడుమ హద్దుకు ఒక వరుస ఇటుకలు పాతి ఉంటయ్, గంతే. మా ఆమెకు వదినకు మస్తు దోస్తీ. ఒకింట్ల పులుసు కాగితె రెండిండ్లల్ల తింటరు. బోనాలకు ఇద్దరు ఒకటే రంగు చీరలు తీస్తరు. అడగంగనే వదిన, "తవ్వుకో మరిదీ, బంగారం దొరికితె నాకు సుజాతకు చెరొక గొలుసు," అని నవ్వింది.

ఆదివారం వాకిలి నిండిపోయింది. మూర్తిగారు ఇస్త్రీ చొక్కా ఏసుకొని కుర్చీల కూసున్నడు. ఖాజా భాయ్ వచ్చిండు. రానోళ్ల కోసం ఫోన్ల లైవ్ పెట్టిన. బండ జరిపి డిటెక్టర్ పెట్టంగనే కుయ్ గాదు, కుయ్యోమొర్రో అన్నది!

మా పెద్దమ్మ, అంటె సువర్ణ వదిన అత్త, ఎనభై దాటినయ్. నులక మంచం మీద కూసొని చూస్తున్నది. "ఓ కొడుకా, గా యాపచెట్టు కాడనా తవ్వుతున్నవ్? ఆడ మీ తాత..." అని ఏందో అనవోయింది.

"పెద్దమ్మా, జర ఆగు. లైవ్ నడుస్తున్నది."

"అది గాదురా, ఆడ ఏమున్నదంటె..."

"అయినంక చెప్దువు గాని! ఇది రీసెర్చ్, ముచ్చట్లు గాదు!"

నా అసొంటి చదువుకున్నోడు ఇంట్ల ఉన్న మనిషిని అడగడు గదా. కాయితం ఉండాలె, ఫార్సీ ఉండాలె, చెవులకు హెడ్‌ఫోన్ ఉండాలె.

గడ్డపారతోటి తవ్విన. మోకాలు లోతుల 'టంగ్' మన్నది. జనం 'ఓ...' అన్నరు. నాకు ఆగబుద్ధి గాలే, బలంగ ఇంకొక్క పోటు పొడిచిన. ఈసారి 'టంగ్' గాదు, 'టస్సు' మన్నది. ఖాజా భాయ్, నేను కలిసి గుంజినం. పైకొచ్చింది. పచ్చగ చిలుము పట్టిన ఒక పెద్ద రాగి గిన్నె. చేతులు లోపట పెట్టి దేవులాడిన. మన్ను. అంతా మన్నే. అడుగుల నా గడ్డపార పొడిచిన పొక్క.

అప్పుడు పెద్దమ్మ మంచం దిగి, కట్టె గూడ మర్చిపోయి ఉరికొచ్చింది.

"అగో, నా గంజు!"

ఇగ నన్ను చూడుర్రి. మన దిక్కు గంజు అంటె వండుకునే పెద్ద గిన్నె గాదా? మా ఇంట్ల దినాం పదిసార్లు ఇనే మాట గాదా? ఆ పొద్దుగాలనే మా ఆమె, "వచ్చినోళ్లకు చాయ్ పెట్టాలె, పెద్ద గంజు దించియ్యి," అంటె, "ఖజానా తవ్వే మనిషికి గంజులు చెప్తవా!" అని కస్సుమన్న. మూర్తిగారికి బజారు తెల్సు, ఖాజా భాయ్‌కు ఖజానా తెల్సు. మా ముగ్గుర్ల ఇంట్ల దినాం గంజు అనేటోణ్ని నేనొక్కణ్నే. నాకే యాదికి రాలే!

"మాస్టారూ, మరక కింద ఉన్నది పొల్లు కాదండీ, కొమ్ము!" అన్నడు మూర్తిగారు. ఆ మనిషి అంత నవ్వంగ నేను ముప్పై ఏండ్లల్ల చూడలే.

పెద్దమ్మ అసలు చరిత్ర చెప్పింది. మా నాయనమ్మ పోయినంక ఈ గంజు నాదంటె నాదని పెద్దమ్మ, మా అమ్మ కొట్లాడిన్రంట. ఆర్నెల్లు మాటల్లేవు, ఒక్క ఇంట్ల రెండు పొయ్యిలు. తాత ఇసిగిపోయి ఎవరికీ చెప్పకుండ తీసుకపోయి పాతిపెట్టిండు. దొంగలు ఎత్తుకపోయిన్రని ఇద్దరు కలిసి ఏడ్చి, ఏడ్చుకుంటనే కలిసిపోయిన్రు. యాపచెట్టు కాడ మట్టి తవ్వినట్టు కనబడి పెద్దమ్మకు ఎనుక సంగతి తెలిసింది గానీ, లొల్లెందుకని ఊకున్నది. 'లొల్లి బంద్' అంటె గిదీ! నా రాజకీయ పరిస్థితులు గివీ!

ఆడికి నవ్వి ఊకుంటె అయిపోయేది. మా ఆమె ముంగటికొచ్చింది.

"మా అత్తమ్మ సచ్చేదాక చెప్పింది, రాగి గంజు తనకే ఇస్తనని వాళ్లత్త మాటిచ్చిందని. ఇది మాది."

"దొరికింది మా బండ కింద, సుజాతా," అన్నది సువర్ణ వదిన.

"బండ మీదైతె భూమి మీదయితదా? ఇటుకలు చూడు, గుంత సగం మా దిక్కే ఉన్నది!"

"ఇన్నేండ్లు నా ఇంట్ల పులుసు తాగి ఇటుకలు లెక్కపెడ్తున్నవా?"

లైవ్ బంద్ చెయ్యాల్నని నాకు తోచలే. గల్లీ మొత్తం చూసింది. ఖాజా భాయ్ మధ్యల చొరబడి, పొక్క పూడ్చి కలాయి పెట్టిస్తనని గంజును దుకాణానికి ఎత్తుకపోయిండు. ఇప్పుడు ఆయనకు గంటకు రెండు ఫోన్లు, నాకియ్యి అంటె నాకియ్యి అని. పొక్క ఎవరు పొడిచిన్రంటె మాత్రం ఇద్దరు ఒక్కటయ్యి నా దిక్కే చూపెడ్తున్నరు.

ఆ సాయంత్రం గ్రూపుల ఆమె ఒక వాయిస్ మెసేజ్, ఈమె ఒక వాయిస్ మెసేజ్. కుతుబ్‌షాహీలు లేరు, నిజాంలు లేరు, అంతా గంజే. మూర్తిగారు ఆఖరుకు ఒక్క మెసేజ్ పెట్టిండు. "మాస్టారూ, ఆధారం ఉంది, వస్తువు దొరికింది. మాటంటే మాటే, అడ్మిన్ మీరే. ఈ లొల్లి నావల్ల కాదండీ." నన్ను అడ్మిన్ చేసి, గ్రూపులకెళ్లి బయటికి ఎల్లిపోయిండు. ముప్పై ఏండ్లల్ల ఆయన నోట లొల్లి అన్న మాట అదే ఫస్టు!

రెండేండ్ల సంది కోరుకున్న కుర్చీ. కూసున్న అయిదు నిమిషాలకు మా ఆమె, "వదినను గ్రూపులకెళ్లి తీసెయ్యి," అన్నది. పది నిమిషాలకు వదిన ఫోన్ చేసి, "సుజాతను తీసెయ్యి మరిదీ," అన్నది. ఒకామెను తీస్తె ఇంట్ల బువ్వ లేదు, ఇంకొకామెను తీస్తె వాకిట్ల నిలబడనియ్యరు. రెండు దినాలు ఫోన్ బంద్ పెట్టుకొని ఆలోచన చేసిన. ఇయ్యాల పొద్దుగాల బడికి పోంగ ఆటోల కూసొని ఇద్దర్ల ఎవర్ని తీయకుండ, నేనే గ్రూపులకెళ్లి బయటికొచ్చిన. పీడ పోయింది అనుకున్న.

నాకేం తెల్సు? ఉన్న ఒక్క అడ్మిన్ ఎల్లిపోతె, మిగిలినోళ్లల్ల ఒకర్ని వాట్సాపే అడ్మిన్ చేస్తదంట! గంత మందిల అది ఏరి కోరి సువర్ణ వదినను చేసింది. వదిన చేసిన మొదటి పని, మా ఆమెను తీసేసుడు. బడికాడికి మా ఆమె ఫోనొచ్చింది. "పోతపోత మీ వదినకు కుర్చీ ఇచ్చి పోయినవా?" అన్నది. నేనియ్యలే, వాట్సాప్ దాని అంతట అదే ఇచ్చిందని చెప్పిన.

అగో, మీరు గూడ మొకాలు చూసుకొని నవ్వుతున్నరు. ముప్పై ఏండ్ల దోస్తులు మీరే నమ్ముతలేరు, ఇగ ఆమె నమ్ముతదా?