నూట మూడో రీలు మొదటి నిమిషం

ఆ ఇంట్లో మాట మొదలవ్వాలంటే ముందు ఒక నిమిషం అందరూ నోరు మూసుకోవాలి. అది ఆ ఇంటి పద్ధతి.

ఇంటాయన రేడియో కోసం సంభాషణలు రికార్డు చేసేవాడు. ముందు గది గోడలకు పాత బొంతలు వేలాడదీసి, కిటికీకి పరుపు అడ్డం పెట్టి, ఒక గాయకుణ్ణో, వాయిద్యం వాయించే మనిషినో, బొమ్మలేసేవాణ్ణో మైకు ముందు కూర్చోబెట్టి చెయ్యెత్తేవాడు. "గది పడుతున్నాను" అనేవాడు. అంటే మనిషి గొంతు కాదు, ముందు ఆ గది నిశ్శబ్దాన్ని టేపు మీదకు ఎక్కిస్తున్నాడని. తర్వాత మాటల్లో దగ్గులూ తడబాట్లూ కోసేసిన చోట ఊరికే వదిలేస్తే, వినేవాళ్ళకు నడుస్తూ నడుస్తూ గుంటలో కాలు పడ్డట్టు ఉంటుందట. ఆ గుంటలో అదే గది, అదే పూట నిశ్శబ్దం ముక్క పెట్టి అతికించాలి. ఒక రోజు నిశ్శబ్దం ఇంకో రోజుకు అతకదు అని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

ఆ నిమిషం ఇల్లాలు వంటింట్లో స్టవ్వు ఆపేది. గిన్నె మీంచి తీసిన మూత కింద పెడితే చప్పుడవుతుందని చేత్తో పట్టుకునే నిలబడేది. కూతురు రెండు గదుల మధ్య గడప మీద కూర్చుని అరచేత్తో నోరు నొక్కుకునేది. నొక్కుకోకపోతే ఏదో కూనిరాగం బయటికి వచ్చేసేది. అన్నం తింటున్నా, జడ వేయించుకుంటున్నా, చివరికి తిట్లు తింటున్నా ఆ పిల్ల సన్నగా గుయ్యిమంటూనే ఉండేది. అందుకే తండ్రి తుమ్మెద అని పేరు పెట్టాడు.

"ఆ తుమ్మెదని కాస్త ఆపవే" అని ఆయన ముందు గదిలోంచి అంటే, "మీ పోలికేగా, మీరే ఆపుకోండి" అని ఈవిడ వంటింట్లోంచి అనేది.

తుమ్మెద పోయి ఎనిమిది నెలలైంది. పందొమ్మిదేళ్ళు. పదకొండు రోజుల జ్వరం. అప్పటినుంచి ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. భార్యాభర్తల మధ్య మిగిలిన మాటలు చేతి వేళ్ళకు సరిపోయేవి. ఉప్పు, తలుపు, గొడుగు, కరెంటు పోయింది. కానీ గడప దాటేటప్పుడు ఇద్దరూ దాని నడిమధ్యన కాలు పెట్టరు. పక్కకు జరిగి, గోడ రాసుకుంటూ దాటుతారు, అక్కడ ఇంకా ఎవరో కూర్చునే ఉన్నట్టు. రికార్డింగు లేని రోజుల్లో కూడా ఇల్లాలు ఉన్నట్టుండి స్టవ్వు ఆపేసి, మూత చేత్తో పట్టుకుని నిలబడిపోయేది. ఎంతసేపు నిలబడిందో అన్నం మెతుకులు చల్లారాక గాని తెలిసేది కాదు.

ఆవిడ గుండెలో ముల్లు ఒకటే. రెండువందల పన్నెండుమందిని ఆ గదిలో కూర్చోబెట్టిన మనిషి కన్నకూతురి గొంతు ఒక్కసారి కూడా పట్టలేదు. వచ్చిన ప్రతివాళ్ళనీ చివర్లో ఒకే ప్రశ్న అడిగేవాడు, పని చేస్తున్నప్పుడు మీకు సంతోషం ఎక్కడ పుడుతుంది అని. బోర్డుల మీద బొమ్మలేసే ఆయన, పనయ్యాక చేతులు కడుక్కుంటుంటే నీళ్ళలో రంగు పోతుంది చూశారూ, అక్కడ అన్నాడు. డోలు వాయించే ఆయన, పక్కవాడు తప్పినప్పుడు అన్నాడు. ఆ రోజు తుమ్మెద గడప మీద పడీ పడీ నవ్వింది. పదిహేనో ఏట ఒకరోజు, "నాన్నా, ఆ ప్రశ్న నన్నెప్పుడు అడుగుతావు?" అంది.

"నీ గొంతు కుదురుకోనీ" అన్నాడాయన.

గొంతు కుదురుకుంది. ఆయనకు తీరిక కుదరలేదు.

అలా ఉండగా రేడియో ఆఫీసు నుంచి కబురు వచ్చింది. పాత రీళ్ళన్నీ కొత్త యంత్రంలోకి ఎక్కిస్తున్నారట. ప్రతి రీలుకూ ముందున్న ఖాళీ తీసేసి పంపమన్నారు. ఆయన మర్నాడే మొదలుపెట్టాడు. పొద్దున పది రీళ్ళు. గాడి ఉన్న చిన్న ఇత్తడి దిమ్మలో టేపు పరిచి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, మొదటి నిమిషం బుట్టలో పడేసేవాడు. మధ్యాహ్నం భోంచేసి, అయినవి సంచిలో పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళేవాడు.

మొదటిరోజు గది ఊడుస్తూ ఇల్లాలు ఆ బుట్టలో నల్లగా చిక్కుపడ్డ టేపు చూసింది. ఊరికే చూసి వదిలేసింది. చీపురు మూలన పెడుతుండగా తట్టింది. ఆ నిమిషాలన్నిట్లోనూ పిల్ల గడప మీదే కూర్చుని ఉండేది కదా అని. గబగబా వెనక్కి వచ్చేసరికి ఆయన బుట్ట బయట చెత్తబండిలో దులిపి, ఖాళీది తెచ్చి బల్ల కింద పెడుతున్నాడు.

చెబుదామనుకుంది. తీరా చెప్పాక అందులో ఏమీ లేకపోతే? మనిషి ఇప్పటికే కట్టెపుల్లలా ఉన్నాడు. ముందు తను విని, ఉందని తెలిశాకే చెబుదామనుకుంది.

ఆయన ఒకటి నుంచి ముందుకు కోసుకొస్తున్నాడు. ఈవిడ రెండువందల పన్నెండు నుంచి వెనక్కి వినడం మొదలుపెట్టింది. ఆయన అటు వెళ్ళగానే యంత్రం ముందు కూర్చునేది. టేపు ఎక్కించడం ఎవరూ నేర్పలేదు. ఇరవై ఏళ్ళు గుమ్మంలోంచి చూసినదే చదువు. మొదట్లో టేపు జారి ఒళ్ళో కుప్పపడేది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుంటే, ముందు తన ఇల్లే వినిపించేది. ఫ్యాను కిర్రు. వీధిలో సైకిలు గంట. ఎక్కడో కాకి. వంటింట్లో తను మూత పట్టుకుని నిలబడి ఉన్న చోటు. ఆ చోటు చప్పుడు చెయ్యదు, అయినా ఆవిడకు వినపడేది.

పిల్ల మాత్రం లేదు. చివరి నాలుగేళ్ళ రీళ్ళలో అసలే లేదు. పెద్దదయ్యాక పద్ధతి వచ్చేసింది, ఉన్నట్టే తెలియకుండా కూర్చోవడం నేర్చేసుకుంది. ఎంత బాగా నేర్చుకున్నావే తల్లీ అని ఇల్లాలు ఆ యంత్రం ముందే కళ్ళు తుడుచుకుంది. ఇంకా అల్లరి మానని రోజులు కావాలి. అవి వెనక్కి ఉన్నాయి. వెనకనుంచి బ్లేడు వస్తోంది.

పదో మధ్యాహ్నం నూట మూడు ఎక్కించింది. అప్పటికి ఆయన వంద పూర్తిచేశాడు.

ఫ్యాను కిర్రుమంది. తర్వాత సుర్రుమని ఒక ముక్కు. జలుబు చేసిన పిల్ల ముక్కు. కాసేపు ఏమీ లేదు. ఆ పైన అరచెయ్యి నోటి మీంచి జారిన చిన్న తడి చప్పుడు, వెంటనే నోటితో లోపలికి లాగిన ఊపిరి. నిండుగా, పొడుగ్గా, పాట ఎత్తుకోబోయేవాళ్ళు లాగే ఊపిరి. అది పూర్తిగా నిండిందో లేదో, తండ్రి గొంతు హెచ్చరికగా "ఊఁ" అంది. అక్కడితో ఆగిపోయింది.

ఇల్లాలు ఆ చోటు సాయంత్రందాకా తిప్పి తిప్పి విన్నది. ఆయన వచ్చాక, కాఫీ అంది. అంతే అనగలిగింది.

మర్నాడు పొద్దున్నే, కొత్త యంత్రం రాకముందు ఆ గదిలో చివరి సంభాషణ. నలభై ఏళ్ళు నాటకాల కంపెనీలో పాడిన పెద్దావిడ వచ్చింది. ఉబ్బసం మనిషి. నాలుగు మెట్లు ఎక్కడానికి నాలుగుసార్లు ఆగింది. ఆయన చెయ్యెత్తి "గది పడుతున్నాను" అన్నాడు. ఇల్లాలు స్టవ్వు ఆపింది. ఏమనిపించిందో, వంటింట్లో నిలబడకుండా వచ్చి గడప మీద, సరిగ్గా నడిమధ్య కూర్చుని, అరచెయ్యి నోటికి పెట్టుకుంది. అరచేతి కింద తన ఊపిరి తనకే వేడిగా తగిలింది. ఆయన చూశాడు. చూపు యంత్రం మీది మీటరు ముల్లు మీదకు తిప్పేసుకున్నాడు.

నిమిషం అయ్యాక పెద్దావిడ, "నా నోరు మూయించిన మగాడివి నువ్వొక్కడివే నాయనా. మా ఆయన ముప్ఫై ఏళ్ళు చూశాడు, ఆయన వల్ల కాలేదు" అంది. తర్వాత గడపవైపు కళ్ళు చిట్లించి, "ఎవరో చిన్నపిల్ల కూర్చుందనుకున్నాను. నువ్వా అమ్మాయ్" అంది.

ఇల్లాలు అరచెయ్యి నోటి మీంచి దించుకుంది.

చివర్లో ఆయన తన ప్రశ్న అడిగాడు.

"పాడేటప్పుడు సంతోషమేమిటి నాయనా, భయం. పైకి అందుతుందా లేదా, మధ్యలో గుటక పడుతుందేమో, ముందు వరసలో వాడు ఆవులిస్తాడేమో. సంతోషమంతా దానికి ముందు. ఊపిరి లోపలికి లాగుతాం చూడు, అప్పుడు. పాట మొత్తం లోపలే ఉంటుంది. ఇంకా ఎక్కడా తప్పలేదు. ఎవరికీ ఇవ్వలేదు. నోరు తెరిచానా, ఇక అది మీది." కాసేపు రొప్పి, "ఒక్క ముక్క పాడనా?" అంది.

పాడింది. గొంతు వణికినా శ్రుతి వణకలేదు. కానీ ఎత్తుకునే ముందు లాగిన ఊపిరి తుప్పుపట్టిన తలుపు తెరిచినట్టు వచ్చింది. వెళ్తూ, "ఆ ఊపిరి తీసెయ్యి నాయనా. వినేవాళ్ళు నా పాట వినాలిగాని నా ఉబ్బసం కాదు. ఊపిర్లు కొయ్యడంలో నీ అంతవాడు లేడంటారుగా" అంది.

ఆవిడ మెట్లు దిగగానే ఆయన అలవాటుగా బల్ల దగ్గర కూర్చుని నూట ఒకటో రీలు అందుకున్నాడు.

"ఏమండీ. నూట మూడు కొయ్యకండి."

"ఏం?"

"వినండి."

"నేను వినను."

"వినకుండా ఎలా కోస్తున్నారు?"

ఆయన బల్ల అంచు చూపించాడు. అక్కడ పెన్సిలుతో రెండు గీతలు. "నిమిషానికి ఎన్ని బారలో కొలిచి కోస్తున్నాను. మొదటిరోజు నుంచీ అంతే. వింటే కొయ్యలేను."

"అయితే మీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసే వందా చెత్తబండిలో వేశారు."

ఆయన చేతిలోని రీలు బల్ల మీద పెట్టేశాడు. ఇల్లాలికి అరవాలనిపించింది. ఏళ్ళ తరబడి ముక్కు చీదుళ్ళు, ఆపుకున్న నవ్వులు ఏ దిబ్బ మీద పడి ఉన్నాయో. కానీ తను మాత్రం, మొదటిరోజే నోరు తెరిచిందా?

"ఇందులో తుమ్మెద ఉంది" అంది.

ఆ పేరు గదిలో బొంతలకు తగిలి ఆగింది. ఆవిడే హెడ్‌ఫోన్లు తీసి ఆయన చెవులకు పెట్టి, టేపు ఎక్కించింది. ఆ చేతులు తడుముకోకుండా ఎక్కించడం ఆయన చూశాడు.

ఒకసారి విన్నాడు. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. మూడోసారికి హెడ్‌ఫోన్లు మెడ మీదకు జార్చి, "పాడబోయింది. నేనే ఆపాను" అన్నాడు.

కాదని అనలేకపోయిందావిడ. "ఆపారు" అంది. ఆ టేపు వంక చూపించి, "ఇప్పుడు ఆపకండి. పెద్దావిడ ఊపిరి తీసేస్తే అక్కడ గుంట పడుతుందిగా. ఇది పెట్టండి" అంది.

"ఒక రోజు నిశ్శబ్దం ఇంకో రోజుకు..."

"ఇది నిశ్శబ్దం కాదుగా."

ఆయన టేపును వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. "కాపీ తీసి పెడితే బుసబుస వస్తుంది. అసలుదే కొయ్యాలి. ఇక్కడినుంచి పోతుంది, మనకేమీ మిగలదు."

కొయ్యొద్దని చెప్పడానికి వచ్చిన మనిషి గడప వంక చూసింది. పది రోజులు వెతికి పట్టుకున్నది మూరెడు టేపు. పెట్టెలో దాచుకుని రోజూ ఆ పిల్లను నోరు తెరవబోయే చోటే ఆపుతూ కూర్చోవాలా?

"కొయ్యండి" అంది. టేపు కదలకుండా ఒక కొస తనే వేలితో నొక్కి పట్టుకుంది. బ్లేడు "ఊఁ"కు వెంట్రుకవాసి ముందు దిగింది.

మిగిలిన రీళ్ళ మొదటి నిమిషాలు ఆయన ముట్టుకోలేదు. ఒక్కొక్క పెట్టెలో చీటీ పెట్టాడు. ముందున్నది ఖాళీ కాదు, ఇంటి చప్పుడు, తీసెయ్యవద్దు అని.

పదిహేను రోజుల తర్వాత పొద్దున తొమ్మిదింటికి వంటింటి అలమరలో రేడియో మోగింది. ఇల్లాలు స్టవ్వు ఆపి, మూత చేత్తో పట్టుకుని నిలబడింది. ఆయన వచ్చి గడప మీద ఒక పక్కకు ఒదిగి కూర్చున్నాడు. పెద్దావిడ నవ్వింది, రొప్పింది, తన మాటలు చెప్పింది. ఒక్క ముక్క పాడనా అంది.

జలుబు చేసిన చిన్నపిల్ల ఊపిరి ఒకటి నిండుగా లోపలికి వెళ్ళింది.

అలవాటు ప్రాణం, ఇల్లాలు "ఊఁ" కోసం ఎదురుచూసింది. రాలేదు. పాట వచ్చింది. పిల్ల లాగిన గాలి అంతా ముసలి గొంతులోంచి వణుకుతూ, శ్రుతి తప్పకుండా బయటికి వచ్చింది. ఎక్కడా గుంట లేదు.

పాటయ్యాక ఇంకెవరో వార్తలు చదవడం మొదలుపెట్టారు. ఆయన లేవలేదు. గడప మీద నడిమధ్య చోటు అలాగే వదిలి కూర్చుని ఉన్నాడు. ఇల్లాలు మూత గిన్నె మీద పెట్టింది, చప్పుడయ్యేలాగే పెట్టింది. వచ్చి ఆ చోటుకు అవతలి పక్కన కూర్చుంది.