మా మరదలి చేతులు

మా మరమగ్గాల షెడ్డులో ఎవరి చెవులూ పనిచేయవు. నలభై మగ్గాలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే పక్కన నిలబడి గొంతు చించుకున్నా వినపడదు. అందుకని అందరం చేతులతోనే మాట్లాడుకుంటాం. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే దారం తెగిందని. చిటికెన వేలు చూపిస్తే నూలు చుట్టిన కండె అయిపోయిందని. గడ్డం కింద పిడికిలి పెడితే మేస్త్రీ వస్తున్నాడు, కబుర్లు కట్టిపెట్టండని. అలాంటి షెడ్డులోకి మా తమ్ముడి పెళ్ళాం వచ్చింది. పుట్టు చెవిటిది. వచ్చిన వారానికే మా అందరికీ రాణి అయిపోయింది.

బడి మొహం చూసిన పిల్ల కాదు. చెవిటివాళ్ళ బడిలో నేర్పే సైగలేవీ దానికి రావు. దాని దగ్గరున్నవి కొన్ని సొంతంగా కల్పించుకున్నవి, కొన్ని మా దగ్గర పట్టుకున్నవి. మనిషికో పేరు పెట్టేసింది. పొట్ట నిమిరితే మేస్త్రీ. ముక్కు మీద వేలు పెడితే నేను. కోపమొస్తే నా ముక్కుపుటాలు ఎగురుతాయట. కోపం ముక్కు మీదుంటుందన్న మాట చెవిన పడకుండానే కనిపెట్టింది, గడుగ్గాయి! అది మేస్త్రీ నడక నడిచి చూపిస్తే మేం మగ్గాలాపి మరీ నవ్వేవాళ్ళం.

మా తమ్ముడి గురించి చెప్పాలంటే నాకు నోరు చేదెక్కుతుంది. తాగుబోతు కూడా కాదు వాడు. తాగితే ఆ వంకైనా ఉండేది. నలుగురిలో నెమ్మదస్థుడు. వాడికున్నది ఒకటే రోగం. పెళ్ళాం చేతులు కదిలాయంటే తన గురించేనని అనుమానం. నాలుగేళ్ళ కాపురంలో దాని భాష నాలుగు ముక్కలు నేర్చుకున్న పాపాన పోలేదు. "మనిషన్నాక నోటితో చెప్పాలి గానీ, కోతిలా ఆ చేతులూపడమేంటక్కా?" అనేవాడు. అది ఏదైనా చెప్పబోతే మణికట్లు రెండూ గుప్పిట్లో బిగించేవాడు. మన నోట్లో గుడ్డలు కుక్కితే ఎలాగో దానికి అదలాగ. విడిపించుకోబోతే చెంప పగిలేది.

నేనుండేది పక్క వాటాలోనే. దాని తల గోడకు కొట్టుకున్న చప్పుడు నా వంటింట్లోకి వినపడేది. వెళ్ళి వాణ్ణి నానా తిట్లూ తిట్టాను. రెండుసార్లు చేయి కూడా చేసుకున్నాను. మళ్ళీ వచ్చి నా గిన్నెలు నేను తోముకున్నాను.

పెళ్ళైన కొత్తలో మా తమ్ముణ్ణి చెప్పాలంటే అది మీసం దువ్వేది. ఒకనాడు షెడ్డులో ఒకావిడ మీసం దువ్వి "మీ ఆయన కులాసానా?" అని సైగ చేసింది. ఇది తల అడ్డంగా ఊపి, ఎడం చేత్తో కుడి మణికట్టు బిగించి పట్టుకుని చూపించింది. ఇక మీదట వాడి పేరు ఇదీ అని. ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. ఆ సంగతి వాడికి చేరకుండా ఉంటుందా? మా షెడ్డులో మనుషులకు చెవుల్లేకపోయినా గోడలకున్నాయి.

ఆ ఆదివారం పొద్దున నేను పెరట్లో బట్టలారేస్తుంటే కేక వినపడింది. మనిషి కేకలా లేదది. తన కేక ఎంత పెద్దదో దానికి తెలియదు, ఎక్కడ ఆపాలో అసలే తెలియదు. పరుగెత్తాను. వాడు దాని రెండు చేతులూ ఒక్క గుప్పిట బిగించి ద్వారబంధానికి ఆనించి, తలుపును భుజంతో నొక్కుతున్నాడు. ఒకసారి కాదు. తీసి, మళ్ళీ నొక్కుతున్నాడు.

"చెప్పుకోవే! ఇప్పుడు చెప్పుకో అందరికీ!"

తడి బట్టలతో ఉన్న బకెట్టెత్తి వాడి నెత్తి మీద బాదాను. వాడు కూలబడ్డాక తలుపు తీశాను. ఏడు వేళ్ళు విరిగాయి. గోళ్ళు రెండు చెక్కకే అంటుకుపోయాయి.

ఆసుపత్రికి హెడ్ కానిస్టేబులు వచ్చాడు. చేతులు రెండూ కట్లలో ఉన్నా అది చెప్పింది. మోచేత్తో తలుపు వేసి చూపించింది. గడ్డంతో బయట బెంచీ మీద కూర్చున్న వాణ్ణి చూపించింది. ఆయనకు సగం అర్థమయ్యే ఉంటుంది. కానీ కాగితం మీద రాయడానికి మాట కావాలి కదా.

"ఏమంటోందమ్మా?" అని నన్నడిగాడు.

బెంచీ మీంచి లేచొచ్చి, గుమ్మంలోంచి మా తమ్ముడు చేతులు జోడించి నన్నే చూస్తున్నాడు. అమ్మ పోయాక నా ఒళ్ళో పెరిగినవాడు.

"గాలికి తలుపు పడిందంటోంది సార్," అన్నాను.

నా నోరు కాలిపోను! పెదాలు చదవడం దానికి రాదు గానీ మనుషుల్ని చదువుతుంది. ఆయన పుస్తకం మూయడం చూసింది. వెళుతూ వెళుతూ వాడి భుజం తట్టడం చూసింది. నా వైపు తిరిగి కళ్ళు మూసుకుంది. మనం చెవులు మూసుకున్నట్టే అది. ఆ తరవాత నేను చేయి ఎత్తితే చాలు, రెప్పలు దించేసేది.

కట్లతో ఇంటికొచ్చాక వాడికి మరీ సులువైపోయింది. ఎదురు చెప్పడానికి చేతుల్లేవు, అడిగేవాళ్ళు లేరు. ఒకరోజు ఇత్తడి చెంబుతో దాని నెత్తి పగలగొట్టాడు. అది నెత్తురోడుతూ షెడ్డుకే నడిచొచ్చింది. మగ్గాలన్నీ ఆగిపోయాయి. పన్నెండుమంది ఆడవాళ్ళం వెళ్ళి, వాణ్ణి వీధిలోకి ఈడ్చి, చేతికందిన దాంతో చితకబాది, స్టేషనుకు లాక్కెళ్ళాం. ముందు నడిచింది నేనేనని చెప్పుకోవాలని ఉంది. కాదు, అందరికంటే వెనక ఉన్నాను.

కోర్టులో సైగలు చదువుకున్న మాస్టారిని పిలిపించారు. ఆయన అరగంట తంటాలు పడి, "ఇది ఈవిడ సొంత భాషండీ, నాకు అందడం లేదు," అని చెమట తుడుచుకున్నాడు. దాని సైగలకు అర్థం చెప్పడానికి షెడ్డు ఆడవాళ్ళు వద్దన్నాడు మా తమ్ముడి వకీలు. వాణ్ణి కొట్టింది వాళ్ళేనట. "అక్కగారున్నారుగా, ఆవిడ చెప్తారు," అని నవ్వాడు. నేను కూడా కొట్టిన సంగతి మా తమ్ముడు వకీలుకు చెప్పలేదన్నమాట. నా మీద అంత నమ్మకం వాడికి. గాలి అని నేను రాయించిన కాగితం వకీలు చేతిలోనే ఉంది. ఈరోజు ఇది నోరు విప్పకపోతే వాడు బయటికొస్తాడు, దీన్ని ఇంటికి తీసుకుపోతాడు. అది బతకదు.

నేను చేయి ఎత్తాను. అది కళ్ళు మూసుకుంది.

"ఆమెకు చెప్పడం ఇష్టం లేదని రాసుకోమంటారా?" అంది మేజిస్ట్రేటమ్మ.

"రాసుకోండమ్మా," అన్నాడు వకీలు.

బోను దగ్గరికెళ్ళి దాని భుజం మీద చేయి వేశాను. కళ్ళు తెరిచింది. చేతులతో ఏమీ చెప్పలేదు. వంకరగా అతుక్కున్న వేళ్ళతో నా కుడిచేయి పట్టుకుంది. బోనుకు నడుమెత్తు చిన్న తలుపుంది. నా వేళ్ళు ఆ సందులో పెట్టి, తుంటితో తలుపు నొక్కింది. కెవ్వుమన్నాను. బంట్రోతు ఉరికొచ్చాడు. "ఎవరూ రావద్దు!" అని నేనే అరిచాను. చేయి లాక్కోలేదు.

"ఏమంటోందమ్మా?" మేజిస్ట్రేటమ్మ కుర్చీలోంచి లేచింది.

"నా మొగుడు నా చేతులు ఇలా పెట్టి తలుపు నొక్కాడంటోందండీ. తీసి మళ్ళీ నొక్కాడంటోంది. అదిగో, వాడే."

"అక్కా!" అన్నాడు మా తమ్ముడు.

తలుపు ఇంకాస్త బిగిసింది. దాని కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. ఇంకా చెప్పాల్సింది మిగిలిందని నాకు తెలుసు.

"ఆసుపత్రిలో ఇదంతా చెప్పానంటోందండీ. నా ఆడబిడ్డ మార్చి చెప్పిందంటోంది. ఆ ఆడబిడ్డని నేనే. ఆ రోజు గాలి లేదండీ, ఆకు కూడా కదల్లేదు. అలాగే రాయండి."

టైపు మిషను చప్పుడు మొదలైంది. అది ఆ చప్పుడు వినలేదు గానీ టైపు చేసే ఆయన వేళ్ళ వైపు తిరిగి చూసింది. ఆ వేళ్ళు ఆగేదాకా తలుపు వదల్లేదు.