ఎడమచేతి స్వస్తిశ్రీ

పురానాపూల్ మీద స్కూటీ జారి పడినప్పుడు నా కుడి భుజం నరాలు తెగిపోయాయి. అప్పటికి పదహారేళ్లుగా ఛత్తాబజార్‌లో, పెళ్లిపత్రికల ప్రెస్సులో తెలుగు టైపు చేస్తున్నాను. తప్పు లేని కార్డు కావాలంటే నా దగ్గరికే పంపేవారు. ఆపరేషన్ తర్వాత కూడా ఆ చెయ్యి ఒళ్లోనే పడి ఉండేది. మామూలు కీబోర్డు మీద ఎడమచేత్తో కొడితే ఒక్క కార్డుకే పూటంతా పట్టేది.

ప్రెస్సు యజమానిని అందరం భాయ్ అంటాం. ఆయన నన్ను తీసేయలేదు. "చెయ్యి లేకుంటే ఏమాయె అమ్మా, కండ్లున్నయ్ గదా. తప్పులు దిద్దు," అన్నాడు. నా కుర్చీలో కొత్త ఆపరేటర్ కూర్చున్నాడు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని, అతని తప్పుల కింద ఎర్రగీతలు గీసేదాన్ని. భాయ్ మంచితనానికే నాకు లోపల మంటగా ఉండేది.

నా చెల్లెలికి ఫలక్‌నుమాలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. ఒకరోజు వీడియో చూపించింది. అందులో ఒకామె బల్ల కూడా లేకుండా, నడుస్తూ, ఒంటిచేత్తో టైపు చేస్తోంది.

"హార్మోనియం లెక్కనే అక్కా. రెండు మూడు మీటలు ఒకేసారి నొక్కితే ఒక అక్షరం. నీకు నేను చేసిస్త."

"తెలుగుకు అయితదా?"

"అయ్యేటట్టు చేద్దాం. గంత ఫికర్ ఏంది?"

అరచేతిలో పట్టే చెక్కముక్కకు ఏడు మీటలు బిగించి, పట్టీతో నా ఎడమచేతికి కట్టింది. వేళ్లకు నాలుగు, బొటనవేలికి మూడు. వేళ్లు హల్లును పడితే, వెంటనే బొటనవేలు గుణింతం ఇవ్వాలన్నది నా ఆలోచన. అరుదైన అక్షరాలకు రెండుసార్లు నొక్కేలా పెట్టుకున్నాం. ఆ ఏడింట్లోనే ఒక మీటను వత్తులకు ఉంచాం.

మొదటి వారం తెర మీద అర్థం లేని అక్షరాలే. ప్రతి తెలుగు పెళ్లిపత్రికా మొదలయ్యే 'స్వస్తిశ్రీ' అన్న ఒక్క మాట తప్పు లేకుండా రావడానికి మూడు రోజులు పట్టింది. వచ్చాక దాన్నే పేజీ నిండా కొట్టాను.

నాలుగు నెలలు ఇంట్లోనే సాధన చేశాను. ఒకరోజు ఆపరేటర్ సెలవు పెట్టాడు. అదే రోజు కార్వాన్ నుంచి ఒక పప్పుల వ్యాపారి కూతురి పెళ్లిపత్రిక కోసం వచ్చాడు. సాయంత్రానికల్లా కావాలన్నాడు. భాయ్ కుదరదని చెప్పబోతుంటే, "నేను కొడ్త భాయ్," అన్నాను. సంచిలోంచి మీటల చెక్క తీసి పొడుగు తీగతో కంప్యూటర్‌కు తగిలించి, చేతికి కట్టుకున్నాను.

కౌంటర్ దగ్గర నిలబడి వ్యాపారి ముఖమే చూస్తూ ఉన్నాను. ఆయన కాగితం చూసి గోత్రాలూ ముహూర్తమూ అన్నీ చదివాడు. చదవడం అయ్యాక, "మరి రాసుకోవా అమ్మా?" అన్నాడు.

"రాసుడు అయిపోయింది అన్నా. ఇగో, తెర చూడు."

ఆయన వేలు పెట్టి ఒక్కో వరుసా చదివాడు. ఒక్క తప్పూ లేదు. భాయ్ నన్నూ తెరనూ మార్చి మార్చి చూసి, గడప దాటి పక్క దుకాణాలవాళ్లను పిలిచాడు. "ఆవో భాయ్, దేఖో! మా అమ్మ ఒంటిచేత్తో కార్డు కొట్టింది!"

వచ్చినవాళ్లందరి ముందూ మళ్లీ కొట్టి చూపించాను. గర్వం దాచుకోవాలని నాకేమీ అనిపించలేదు. మర్నాడు భాయ్ ఆపరేటర్‌కు రెండో కంప్యూటర్ ఇచ్చి, నా కుర్చీ నాకిచ్చాడు.

ఆ వారంలోనే చెల్లెలు ప్రెస్సుకు వచ్చింది. స్టూలు లాక్కుని నా పక్కన చాలాసేపు కూర్చుంది. నా వేళ్లనే చూస్తూ, కళ్లు తుడుచుకుంది.

"ఆ వత్తుల మీట జర గట్టిగున్నది అక్కా," అంది చివరికి. "రేపు మారుస్త."