గాడిదను కొసరుగా ఇచ్చిన బేరం

ఆ రోజుల్లో మా గిద్దలూరు పక్క మగవాళ్ళు చుట్టో బీడీయో కాల్చేవారు. సిగరెట్టు కాల్చేవాడంటే సర్కారు కొలువైనా ఉండాలి, కొత్తగా పెళ్ళైనా అయి ఉండాలి. (రెండూ కుదిరినవాడు వంటింటి పొగగొట్టంలాగా పొగ వదిలేవాడు.) నాకు సిగరెట్టుతో పని లేదు, దాని డబ్బాలో వచ్చే బొమ్మతోనే పని. డబ్బాకొక అట్టముక్క, దాని మీద రంగుల్లో ఒక జంతువు. రైలొచ్చే వేళకు స్టేషన్లో కాచుకుని, ఏ కిటికీలోంచి పొగ వస్తే ఆ కిటికీ కింద నిలబడి "అయ్యా, బొమ్మ! అయ్యా, బొమ్మ!" అని అరిచేవాణ్ణి. అట్లా రెండేళ్ళలో ఎనభై దాకా పోగేశాను. ఆ రెండేళ్ళలోనే బడి కూడా మానేశాను. (బడే నన్ను మానేసిందని మా అయ్యవారు ఊరంతా చెప్పేవారు. ఆయన మాట ఆయనది.)

మా నాయన గొర్రెల బేరగాడు. పల్లెల్లో కొని, బేస్తవారిపేట సంతలో అమ్మేవాడు. సంతలో ధర నోటితో చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ తువాలు కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. ఆ తువాలు కిందికి నా చెయ్యి ఎప్పుడు పోతుందా అని నా ఆరాటం. ఒకరోజు సద్ది తింటూ నాయన ఉన్నట్టుండి అన్నాడు.

"సోమవారం నించి మళ్ళ బడికి పో. పదమూడేండ్లొచ్చె, రైలుకాడ బొమ్మలడుక్కుంటా ఎన్నాళ్ళురా?"

"నేను నీతో సంతకొస్తా నాయనా."

"నీకు బేరమేమొచ్చు?"

"నా బొమ్మలమ్మి చూపిస్తా, చూడు."

నాయన నవ్వాడు. "సరే. ఆ అట్టముక్కల మీద ఆదివారం లోపల రూపాయి తీసుకరా. తెస్తే సంతకు, తేకుంటే బడికి. మళ్ళ అటూ ఇటూ మాట మార్చేది లేదు."

మా నాయన అన్నాడంటే అన్నట్టే. బడికి తిరిగి పోతే మా తమ్ముడి పక్కన కూర్చోవాలి. వాడు నాకంటే నాలుగేళ్ళు చిన్న, ఎక్కాలు మాత్రం నాకంటే పద్నాలుగు ఎక్కువ. ఆ అవమానం తలుచుకుంటే అన్నం దిగలేదు. (రెండో ముద్ద నుంచి దిగింది.)

వెంటనే బొమ్మలన్నీ అరుగు మీద పరిచి ధరలు కట్టాను. ధర కట్టడం నాకు తెలిసింది ఒక్కటే తీరు: నాయన మందను చూసే తీరు. ఒడ్డూ పొడుగూ, పొదుగూ, పళ్ళూ. ఏనుగు అన్నిటికంటే పెద్దది కాబట్టి బేడ, అంటే రెండణాలు. నా దగ్గర మూడు ఏనుగులున్నాయి, మూడూ బేడ చొప్పునే. ఆవుకు పొదుగు బాగుంది, అణా. నిప్పుకోడిని కోస్తే వీధి వీధంతా తినొచ్చు, అణాన్నర. పులి ఎందుకూ పనికిరాదు గానీ పులికి దమ్మిడీ కట్టడానికి ధైర్యం చాల్లేదు, దానికీ అణా. ఇక ఒకే ఒక్క గాడిద. బక్కది, చెవులు వేలాడేసుకుని ఉంది. దాన్ని అమ్ముతానంటేనే నవ్వుతారని కొసరులో పడేశాను. మూడు ఏనుగులు దొరికినవాడికి గాడిద ఒక్కటే ఎందుకు దొరికిందో ఆలోచించే బుర్ర అప్పుడు నాకు లేదు.

కొనేవాడు కూడా సిద్ధంగానే ఉన్నాడు. కట్టెల డిపోలో గుమాస్తా, కోస్తా నుంచి కొత్తగా వచ్చినాయన, రోజంతా సిగరెట్లు కాల్చి రోజంతా దగ్గేవాడు. ఆయనా బొమ్మలు దాస్తాడని విన్నాను. నాయన తువాలు భుజాన వేసుకుని పోయి, ఆయన చేతిమీద కప్పి, కింద రెండు వేళ్ళు గట్టిగా నొక్కాను.

"ఏమిటోయ్ ఇది? చేతబడి చేస్తున్నావా?" అని ఆయన చెయ్యి లాక్కున్నాడు.

"ఏనుగు ధర మామా. బేడ."

"ఏనుగులు నా దగ్గర ఏడున్నాయి. పోయి అడవిలో వదిలెయ్."

ఆయన ఒక్కొక్క బొమ్మే తిరగేస్తూ, హఠాత్తుగా పొగ అడ్డం పడి పొలమారి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తేరుకున్నాక ఎటో చూస్తూ అడిగాడు. "ఈ గాడిద ఎంత?"

"అది కొసరు మామా, ఉత్తనే."

"ఉత్తనే! అయితే ఇలా తే."

"సరుకు కొనకుండ కొసరెట్ల వచ్చాది? రూపాయి సరుకు కొను, గాడిదను తోలుకపో."

ఆయన అప్పటికప్పుడే జేబు తడుముకున్నాడు. మూడు ఏనుగులూ, ఆవూ, పులీ, నిప్పుకోడీ, చేతికొచ్చినవన్నీ తీసుకుని రూపాయి బిళ్ళ నా చేతిలో పెట్టాడు. నేను ఇంటిదాకా నేలమీద నడిచినట్టు గుర్తు లేదు.

నాయన రూపాయిని రాయిమీద మోగించి చూశాడు. "బేరమాడకుండ ఇచ్చినాడా?"

"ఒక్క మాట గూడ అనలేదు నాయనా!"

"అట్లయితే నువ్వేదో పోగొట్టుకున్యావు. ఏదీ, మిగిలిందొకటి ఇట్ల తే." తిప్పి చూశాడు. "ఎనక రాసినారే, ఏంది ఇది?"

"ఇంగిలీషు. నాకేం తెలుసు?"

నాయన నన్ను వెంటబెట్టుకుని డిపోకు పోయాడు. గుమాస్తా దాచుకోలేనంత సంతోషంగా ఉన్నాడు. గట్టిగా చదివి మరీ చెప్పాడు: యాభై రకాల జంతువులూ చేర్చి పంపినవాళ్ళకు కంపెనీవాళ్ళు గంటలు కొట్టే గోడగడియారం పంపుతారట. "గాడిద ఒక్కటీ దొరక్క మూడేళ్ళుగా ఊదుతున్నానయ్యా! మీవాడిచ్చిన గాడిద పుణ్యమా అని ఇవాళే మానేశాను. మా ఆవిడ మీ ఇంటికి అరిసెలు పంపుతానంది."

వెనక్కి ఇమ్మని నాయన అడుగుతాడని చూశాను. అడగలేదు. "కొసరన్యాడు గదా, అయిపాయె. అరిసెలు మాత్రం మరిచిపోవద్దని అమ్మకు చెప్పు సామీ" అని నవ్వి వచ్చేశాడు.

దారిలో "శనివారం సంత. కోడి కూయకముందే లెయ్యాల" అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. "రూపాయి తెచ్చినావు, నేను మాటిచ్చినా" అని, నాకు కాదన్నట్టుగా అన్నాడు. "ఆ ఎనక రాతలు నాకూ రావురా. నీకైనా వస్తాయనుకుంటి."

నేనా మాట పట్టించుకోనే లేదు. సంతకు తలగుడ్డ ఎట్లా చుట్టుకోవాలా అని ఆలోచిస్తున్నాను. తరవాత నలభై ఏళ్ళు గొర్రెలమ్మి బాగానే బతికాను. ఇప్పటికీ మందుసీసా కొన్నా, రసీదు తీసుకున్నా, ముందు వెనక్కి తిప్పి చూసి, దారినపోయే ఏ పిల్లవాణ్ణో కేకేసి చదివించుకుంటాను. వాడు చదువుతుంటే నాలో నేనే నవ్వుకుంటాను. బతుకంతా ఇచ్చిన మాట తప్పని మా నాయన, ఆ ఒక్క శనివారం మాట తప్పి, చెవి పట్టుకుని నన్ను బడికి ఈడ్చుకుపోయి ఉంటే ఎంత బాగుండేది!